చైనావాళ్లతో వ్యాపారమా? తిరుపతి, చిత్తూరు వాళ్లు ముందే తెలుసుకోవాల్సినవి

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు నడిపేవాళ్లయినా, రేణిగుంట, వికృతమాల, శ్రీసిటీ వైపు యూనిట్లలో పర్చేజ్ చూసేవాళ్లయినా ఏదో ఒక రోజు చైనావాళ్లతో మాట్లాడక తప్పదు. మెషినో, స్పేర్ పార్టో, ప్యాకింగ్ సరుకో అక్కడ్నుంచి రావాల్సిందే. విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇవ్వాలి, తీసుకున్న కార్డు చదవకుండా జేబులో పడేయకూడదు అని అందరూ చెప్తారు. నిజమే, చేయండి. కానీ ఒంటి చేత్తో కార్డు ఇచ్చినందుకు ఆర్డరు పోయిందని నేనెక్కడా వినలేదు. బేరం చెడేది వాళ్లు తలూపగానే పని అయిపోయిందని మనం నిశ్చింతగా కూర్చోవడం వల్ల.

మనవాళ్లు సంబంధం నచ్చకపోతే "ఇంట్లో మాట్లాడి చెప్తాం" అంటారు చూశారా, అక్కడి "నో ప్రాబ్లం" చాలాసార్లు అలాంటిదే. ఎదుటివాళ్లని మొహం మీద కాదనడం వాళ్లకి మర్యాద కాదు, తమకి చేతకాదని ఒప్పుకోవడం అంతకంటే కష్టం. అందుకే అవును, కాదు అనే జవాబుతో తేలిపోయే ప్రశ్న వేయొద్దు. ఉదాహరణకి అక్కడ ఫ్యాక్టరీల్లో త్రీఫేజ్ కరెంటు 380 వోల్టులు, మన దగ్గర 415. "మా కరెంటుకి మీ మెషిన్ సరిపోతుందా?" అని అడిగితే సరిపోతుందనే అంటారు. దాని బదులు "మోటార్ నేమ్‌ప్లేట్ ఫొటో పెట్టండి, ప్యానెల్ బోర్డు తలుపు తీసి చిన్న వీడియో తీయండి" అనండి, వోల్టులెంతో ప్లేటు మీదే కనిపిస్తుంది, ఇక ఎవరూ ఎవరినీ నమ్మించక్కర్లేదు. డెలివరీ సంగతీ అంతే. ఎప్పుడిస్తారని రోజూ పీకేకంటే, ఈ వారం షీట్ కటింగ్‌లో ఉందా వెల్డింగ్‌కి వచ్చిందా, ఫొటో పెట్టమని అడిగితే మీకే లెక్క తెలిసిపోతుంది.

ఇంకోటి, సరుకులో తేడా వస్తే గ్రూపులో అరవకండి. వాళ్ల బాస్ అదే గ్రూపులో చూస్తుంటాడు, అతని ముందు సేల్స్ అమ్మాయిని నిలదీస్తే ఆమె పరువు పోతుంది, ఆ తర్వాత మీ మెసేజీకి జవాబు రావడమే గగనం అవుతుంది. ఆమెకే విడిగా ఫొటోలు పెట్టి, "మా డ్రాయింగ్‌లో ఏమైనా సరిగ్గా రాయలేదా, ఒకసారి చూస్తారా" అని మొదలుపెట్టండి. తప్పు వాళ్లదేనని మీకూ తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా పరువు నిలుపుకునే ఆ దారి ఆమెకి ఇస్తే రీవర్క్ తొందరగా అవుతుంది. గట్టిగా అడిగితేనే పనవుతుందనే మన అలవాటు అక్కడ పనిచేయదు.

పేర్ల దగ్గర మనకి కష్టం లేదు, వాళ్లకీ ఇంటిపేరే ముందు. వాంగ్ లీ అని ఉంటే మిస్టర్ వాంగ్ అనాలి, లేదా మేనేజర్ వాంగ్ అని హోదాతో పిలిస్తే ఇంకా సంతోషిస్తారు. సిండీ, జాక్ అని తమకు తామే పెట్టుకున్న ఇంగ్లీషు పేర్లుంటే హాయిగా అలాగే పిలవొచ్చు.

వాళ్ల మాటలన్నీ వీచాట్ అనే మెసేజింగ్ యాప్‌లోనే, కానీ 2020 నుంచి అది మన దేశంలో నిషేధం. వాట్సాప్, జీమెయిల్ అక్కడ బ్లాక్ కాబట్టి ఎందులో మాట్లాడుకోవాలో వాళ్లనే ముందుగా అడిగి ఖాయం చేసుకోండి. వాళ్ల టైము మనకంటే రెండున్నర గంటలు ముందు, అంటే మనం తొమ్మిదిన్నరకి ఆఫీసులో కూర్చునేసరికి వాళ్లు భోజనానికి లేస్తుంటారు. తిన్నాక కాసేపు కునుకు తీసేవాళ్లు చాలామంది, ఆ టైములో ఫోన్ చేయొద్దు.

అన్నిటికంటే మనవాళ్లు దెబ్బతినేది వాళ్ల కొత్త సంవత్సరం దగ్గర. ఆ పండగ జనవరి ఆఖరుకీ ఫిబ్రవరి మూడో వారానికీ మధ్య మారుతుంటుంది, 2026లో ఫిబ్రవరి 17న, 2027లో ఫిబ్రవరి 6న. సర్కారు సెలవులు వారం పైనే అయినా, పనివాళ్లు ముందుగానే ఊళ్లకి బయల్దేరతారు, పండగయ్యాక కొందరు తిరిగి రారు. ఫ్యాక్టరీ మామూలుగా నడవడానికి నెల పట్టినా ఆశ్చర్యం లేదు. తోతాపురి సీజన్‌కి మెషిన్ కావాలని సంక్రాంతి అయ్యాక తీరిగ్గా అడ్వాన్స్ వేస్తే ఓడ చెన్నైకి చేరేసరికి కాయలు దిగిపోతాయి. నవంబరుకే ఆర్డరు ఖాయం చేసుకోండి. అక్టోబరు 1 నుంచి వారం రోజులు కూడా అక్కడంతా సెలవే.

విందుకి పిలిస్తే తలుపుకి ఎదురుగా ఉన్న కుర్చీ పెద్దమనిషిది, ఎక్కడ కూర్చోమంటే అక్కడే కూర్చోండి. చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చొద్దు, చచ్చిపోయినవాళ్లకి పెట్టే తీరు అది. గ్లాసు తాకించేటప్పుడు మీది పెద్దవాళ్ల గ్లాసు కంటే కాస్త కిందకి ఉంచండి. తాగని వాళ్లు మొదటి రౌండులోనే చెప్పేసి టీతో కానివ్వండి, సగంలో మానేస్తేనే ఇబ్బంది. శాకాహారులైతే ముందు రోజే చెప్పండి, చేపా గుడ్డూ కూడా వద్దని విడమరిచి.

బహుమతికి శ్రీకాళహస్తి కలంకారీ బాగుంటుంది. తెల్ల కాగితంలో చుట్టొద్దు, నాలుగు ఇవ్వొద్దు, గడియారం అసలే వద్దు, అవన్నీ వాళ్లకి చావుని గుర్తుచేస్తాయి. ఎర్రచందనం మాట వాళ్లే ఎత్తినా నవ్వి వదిలేయండి. అక్కడ దానికి మోజెక్కువని మన శేషాచలం చుట్టుపక్కల పిల్లలకి కూడా తెలుసు, చిన్న ముక్క పట్టుకెళ్లినా ఎయిర్‌పోర్టులో సమాధానం చెప్పుకోవాల్సింది మీరే.

వాళ్లు ఇక్కడికొస్తే మనవాళ్లు ముందు కొండకే తీసుకెళ్తారు. మంచిదే. అన్యమతస్తులు దర్శనానికి డిక్లరేషన్ మీద సంతకం పెట్టాలి, సంప్రదాయ దుస్తులు కావాలి, ఈ సంగతులు హోటల్లోనే చెప్పండి. ఎదుటివాళ్లకి సిగరెట్ ఇవ్వడం అక్కడ మర్యాద కాబట్టి జేబులో ప్యాకెట్ ఉంటుంది, అలిపిరి చెకింగ్‌లో బయటపడితే పెద్దాయనకి అవమానంగా ఉంటుంది, కారులో ఎక్కకముందే తీయించేయండి. సరిహద్దు గొడవలు, తైవాన్, టిబెట్ భోజనాల దగ్గర వద్దు.

ఇక డబ్బు. ముందు 30 శాతం, సరుకు ఎక్కించే ముందు 70 శాతం అనేది ఎక్కువగా నడిచే పద్ధతి, ఆ 70 వేసేముందు ఇన్‌స్పెక్షన్ పెట్టించండి, వాళ్లేం అనుకోరు. అగ్రిమెంటు మీద సంతకం ఒక్కటే చాలదు, కంపెనీ ఎర్ర గుండ్రటి ముద్ర ఉండాలి. బ్యాంకు ఖాతా కంపెనీ పేరు మీదే ఉందో లేదో చూడండి. మధ్యలో "మా ఖాతా మారింది" అని మెయిల్ వస్తే మీరు ఎప్పుడూ మాట్లాడే మనిషికే వీడియో కాల్ చేసి, నంబరు నోటితో చెప్పించుకుని, అప్పుడే బ్యాంకుకి బయల్దేరండి.