వంటింట్లోంచి 'తాళం తప్పింది' అని అరవకుండా సాధన చేయించడం

పిల్ల కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న ఇంట్లో గొడవ మొదలయ్యేది సాధన దగ్గర. పాఠం వారానికి గంటో రెండు గంటలో. మిగతా రోజుల్లో అమ్మే రెండో టీచర్ అయిపోతుంది. ఆ ఉద్యోగం మానుకోవడంతోనే సగం తగువు తగ్గుతుంది.

ముందు శ్రుతి చూడండి, అంటే పాటకు ఆధారమైన 'స' ఎంత ఎత్తులో ఉందో. టీచర్ ఐదు శ్రుతిలో పాడిస్తున్నారా, ఐదున్నరలోనా అని అడిగి, ఫోన్‌లో తంబూరా యాప్‌ను సరిగ్గా అక్కడే పెట్టండి. అమ్మ తన గొంతుకు వీలుగా పెట్టేస్తే, అది ఎక్కువైనప్పుడు పిల్ల పై షడ్జం (పై 'స') అందక అరుస్తుంది, తక్కువైతే మంద్రంలో (కింది స్వరాల్లో) గొంతు పలకదు. 'శ్రద్ధ లేదు' అనే మాట చాలాసార్లు అక్కడే పుడుతుంది.

ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లకు రోజుకు ఇరవై నిమిషాలు చాలు. మూడు నిమిషాలు స-ప-పై స నిలిపి పాడాలి. పది నిమిషాలు పాత పాఠం: రెండు సరళీ వరుసలు (మొట్టమొదటి స్వర పాఠాలు), ఒక జంట వరుస (స్వరాలు జంటలుగా వచ్చేది), మొదటి రెండు కాలాల్లోనే, అంటే మామూలు వేగం, దానికి రెట్టింపు. ఐదు నిమిషాలు కొత్త పాఠంలో తప్పుతున్న ఒక్క ఆవర్తనం (తాళం ఒక చుట్టు). చివరి రెండు నిమిషాలు దాని ఇష్టం, సినిమా పాటైనా సరే. బడి నుంచి రాగానే కూర్చోబెట్టకండి, ఏదైనా తిననివ్వండి.

తాళం తప్పితే కారణం వెతకండి. రెండో కాలంలో పిల్లలు పరుగెత్తుతారు, చెయ్యి వెనకబడుతుంది. పాట ఆపించి, తాళం వేస్తూ స్వరాలు మాటల్లా చెప్పించి, తర్వాత పాడించండి. అలంకారాల్లో (వేర్వేరు తాళాల్లో పాడే స్వర పాఠాల్లో) ఝంప తాళం పెద్ద చిక్కు. దాని లఘువుకు (దెబ్బ వేసి వేళ్లు లెక్కపెట్టే భాగానికి) ఏడు అక్షరాలు, అంటే ఏడు లెక్కలు: ఒక దెబ్బ, చిటికెన వేలి నుంచి బొటనవేలి దాకా అయిదు, ఏడోదానికి మళ్లీ చిటికెన వేలు. చాలామంది బొటనవేలి దగ్గరే ఆగిపోయి ఒక అక్షరం మింగేస్తారు. ఇది తెలియని అమ్మ 'మళ్లీ పాడు' అంటే అదే తప్పు మళ్లీ వస్తుంది, ఈసారి ఏడుపుతో.

చిన్నప్పుడు నేర్చుకున్న అమ్మలకు మరో మాట. మీ గురువుగారి పాఠాంతరం (అదే పాటను నేర్పే తీరు) వేరు, మీ పిల్ల టీచర్ పాఠాంతరం వేరు. మొదట్లో నేర్పే మలహరి రాగ గీతంలో కూడా తేడాలుంటాయి. 'మా మేడమ్ ఇలా చెప్పలేదమ్మా' అంటే వాదించకండి. పుస్తకంలో ఆ చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి, టీచరే తేలుస్తారు.

చుట్టాలొచ్చినప్పుడు 'అత్తయ్యకో పాట పాడవే' అనే ముచ్చట అందరికీ ఉంటుంది. పూర్తిగా వచ్చిన గీతం ఒకటి ముందే అనుకుని ఉంచుకోండి. వద్దంటే వదిలేయండి. అడగకుండా వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టడం మాత్రం అసలు వద్దు.

పన్నెండు, పదమూడేళ్లకు ఆడపిల్లల గొంతు కూడా మారుతుంది. గాలి ఎక్కువ వస్తుంది, పై స్వరాలు చీలుతాయి. బద్ధకం అనుకోకండి. కొన్నాళ్లు అర శ్రుతి తగ్గిస్తారేమో టీచర్‌ను అడగండి.

మానేస్తానంటే తగువు మధ్యలో తేల్చకండి. 'అలంకారాలు అయ్యాక అడుగుతా' అనో, 'ఈ వర్ణం (గీతాల తర్వాత వచ్చే పెద్ద పాఠం) అయ్యాక' అనో ఒక మజిలీ చెప్పి, అది అయిన రోజున నిజంగానే అడగండి. అప్పుడూ వద్దంటే, గాత్రం వద్దా, సంగీతమే వద్దా అన్నది కనుక్కోండి. గాత్రం ఒక్కటే అయితే వీణో వయొలినో ఒక నెల చూడనివ్వండి, కొనకుండా అద్దెకు తెచ్చి. సంగీతమే వద్దంటే ఆ నెల ఫీజు కట్టేసి, ఇద్దరూ వెళ్లి టీచర్‌కు చెప్పి రండి.