వంజరం ట్రోలింగ్‌కు గాలాలు ఎలా కట్టాలి?

గాలానికి తగిలిన వంజరం బోటు అంచు దాకా వచ్చి తప్పిపోయిందని బాధపడేవాళ్లు ప్రతి హార్బర్‌లోనూ ఉంటారు. చేప మరీ పెద్దదనో, గాలం నకిలీదనో, దారం పాతదనో చెబుతారు. తెగి వచ్చిన కొస చూపించమంటే అసలు సంగతి బయటపడుతుంది. గాలానికి పైన కట్టిన స్టీలు తీగ ముడి జారిపోయి ఉంటుంది, లేదా ముడి పక్కనే తీగ విరిగి ఉంటుంది. డీజిల్‌కీ ఐసుకీ వేలు ఖర్చు పెట్టి సముద్రంలోకి వెళ్లి, రెండు నిమిషాల పని సరిగా చేయక చేపను పోగొట్టుకోవడం చూడలేక ఇది రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేదంతా విశాఖ, శ్రీకాకుళం తీరాల్లో ఇంజన్ బిగించిన ఫైబర్ బోటు మీద ఇద్దరు ముగ్గురు కలిసి అమ్మకానికి చేసే వేట గురించి. బోటు నడుస్తుండగా వెనక నాలుగు గాలాలు ఈడ్చుకుంటూ వెళ్తాం, ట్రోలింగ్ అంటే ఇదే. సముద్రం అడుగున వల ఈడ్చే ట్రాలర్లతో దీనికి సంబంధం లేదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. గాలాలు కట్టుకోవాల్సింది ఆ రోజుల్లోనే, పగటి వెలుతురులో, కుదురుగా కూర్చుని. చీకట్లో బోటు ఊగుతుంటే టార్చి పట్టుకుని కట్టిన ముడిని నేను నమ్మను.

సామాను

ఒక్కో గాలానికి 1.5 మి.మీ. నైలాన్ ఒంటిపోగు దారం 70 మీటర్లు. దాని కొసన బలమైన స్వివెల్, అంటే దారం మెలిపడకుండా తనంతట తాను తిరిగే లోహపు కొలికి. అక్కడి నుంచి 1 మి.మీ. దారం అయిదు మీటర్లు, మళ్లీ ఒక స్వివెల్. ఆ తర్వాత 0.5 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీలు తీగ అర మీటరు, దాని చివర 7/0 లేదా 8/0 సైజు గాలం. వీటితోపాటు అరకిలో సీసం గుండ్లు రెండు, ముక్కు సన్నగా ఉన్న కటింగ్ ప్లేయర్, గ్లౌజులు, పాత సైకిల్ ట్యూబు, రెండు వెదురు గడలు, దారం చుట్టి పెట్టడానికి ప్లాస్టిక్ టబ్బులు. అంతే.

ఇందులో బలాల వరుస ఒకటి గమనించండి. పెద్ద దారం 80 కిలోలకు పైగా ఆగుతుంది, తీగ 40 కిలోల దగ్గర తెగుతుంది. ఇలా ఉండటమే మంచిది. గాలం రాతికో, మునిగిన వలకో పట్టుకుంటే తీగ ఒక్కటే పోతుంది, 70 మీటర్ల దారం చేతికి తిరిగొస్తుంది. తీగను లావు చేసి దారాన్ని సన్నం చేసేవాళ్లు ఏం పోగొట్టుకోవాలో తలకిందులుగా ఎంచుకుంటున్నారు.

తీగ గోధుమ రంగులో ఉండాలి, మెరిసేది వద్దు. ఒంటిపోగే ఉండాలి. సన్నటి పోగులు అల్లిన కేబుల్ తీగ మెత్తగా ఉంటుందనీ, స్లీవు అనే చిన్న లోహపు గొట్టం పెట్టి నొక్కేస్తే పని అయిపోతుందనీ కొందరు అదే వాడతారు. అందులో ఒక్కో పోగూ తెగుతూ వస్తుంది, స్లీవు లోపల తుప్పు పడుతుంది, పైకి ఏమీ కనిపించదు. ఒంటిపోగు తీగ పాడైతే పాడైనట్టు కంటికే కనిపిస్తుంది. సముద్రం మీద నాకు కావాల్సింది అలాంటి సామానే.

అలాస్కా సాల్మన్ బోట్ల వీడియోలు చూసి అదే పద్ధతి ఇక్కడ పెడతామనేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఆ బోట్ల అమరిక నిజంగా గొప్పది. రెండు పక్కలా పొడుగాటి గడలు, వాటి నుంచి దిగే స్టీలు తీగలు, అడుగున బంతుల్లాంటి సీసం గుండ్లు, వాటిని పైకి చుట్టే గర్డీలు ఉంటాయి. ఒక్కో తీగకు లోతు లోతుకూ గాలాలు తగిలిస్తారు. అయితే ఆ గాలాలను నైలాన్ దారంతో కడతారు, ఎందుకంటే సాల్మన్ దారం కొరికి తెంపే చేప కాదు. వంజరం పళ్లు త్రికోణాల్లా, పక్కలు అణిగి, బ్లేడుల్లా ఉంటాయి. నైలాన్ ఎంత లావుదైనా ఆ నోట్లో పడితే ఒక్క కొరుకుకే పోతుంది. గడలు వాళ్ల దగ్గర నేర్చుకోండి, గాలం కట్టడం మాత్రం ఇక్కడి చేపను చూసి కట్టండి. ఇంకో మాట. ఉత్త సూర (ట్యూనా) చేప కోసమే వెళ్తుంటే తీగ అసలు వద్దు. సూరకు అలాంటి పళ్లు లేవు, చూపు మాత్రం చాలా చురుకు. తీగ కనిపిస్తే దూరంగా పోతుంది.

తీగ ముడి

ఇక్కడ తొందర పడకండి. మిగతా వ్యాసం పైపైన చదివినా ఫరవాలేదు, ఈ భాగం మాత్రం తీగ చేతిలో పట్టుకుని చదవండి.

మొదట చుట్ట నుంచి తీగ తీయడం. చుట్టను పడుకోబెట్టి కొస పట్టుకుని పైకి లాగితే తీగ స్ప్రింగులా మెలికలు తిరుగుతూ వస్తుంది. ఆ మెలికల్లో ఏదో ఒకటి బిగిసి మడత పడుతుంది. మడత పడిన చోట తీగ సగం బలం కూడా ఆగదు. వేళ్లతో నొక్కి నిటారు చేస్తే కంటికి బాగానే కనిపిస్తుంది, కానీ లోపల లోహం చెడిపోయే ఉంటుంది. చుట్టనే రెండు చేతుల్లో తిప్పుతూ తీగను వదలాలి. మడత పడితే అక్కడికి కోసి పారేయండి. తీగ ఖరీదు చేప ఖరీదు ముందు లెక్కలోది కాదు.

ముప్పావు మీటరు ముక్క కోసుకోండి. ముడులకు పోయేది పోగా అర మీటరు మిగులుతుంది. కొసను గాలం కన్నులోంచి దూర్చి 12 సెంటీమీటర్లు బయటికి లాగండి. ఇప్పుడు పొడుగు తీగ, పొట్టి కొస ఒకదాన్నొకటి దాటేలా ఉచ్చు చేయండి. ఉచ్చు చిన్నదిగా ఉండాలి, అయినా గాలం అందులో అటూ ఇటూ ఊగేంత ఖాళీ ఉండాలి. కన్నుకు బిగించి కడితే గాలం కదలదు, ఎర ఈదదు, చేప విదిలించిన ప్రతిసారీ భారమంతా ఆ ఒక్క బిందువు మీద పడుతుంది.

ఉచ్చును కటింగ్ ప్లేయర్‌తో అడ్డంగా గట్టిగా పట్టుకోండి. రెండు తీగలూ ఇప్పుడు ఇంటూ గుర్తులా, ఒకదానికొకటి దాదాపు లంబకోణంలో ఉండాలి. రెండింటినీ ఒకేసారి, సమానమైన బలంతో మెలివేయండి. చాలామంది చెడగొట్టేది సరిగ్గా ఇక్కడే. పొడుగు తీగను నిటారుగా ఉంచి, పొట్టి కొసను మాత్రం దాని చుట్టూ తిప్పేస్తారు. చూడటానికి ముడిలాగే ఉంటుంది. కానీ అది తీగ మీద చుట్టిన చుట్టు మాత్రమే, బలంగా లాగితే జారుతుంది. రెండు తీగలూ జడపాయల్లా ఒకదాని మీద ఒకటి సమానంగా పడాలి. మెలివేస్తున్నంతసేపూ కోణం తగ్గనివ్వకండి. తీగలను దగ్గరికి చేర్చి సన్నటి కోణంలో మెలివేస్తే మెలికలు పొడుగ్గా, వదులుగా వస్తాయి. అవి పట్టు ఇవ్వవు. ఇలాంటి మెలికలు అయిదు వేయండి. మూడు చాలనేవాళ్లున్నారు. చిన్న చేపకు చాలుతాయేమో కానీ, ఎనిమిది కిలోల వంజరం తల విదిలిస్తే నేను అయిదింటినే నమ్ముతాను.

తర్వాత పొట్టి కొసను పొడుగు తీగకు సరిగ్గా అడ్డంగా వంచండి. పొడుగు తీగను నిటారుగా పట్టుకుని, పొట్టి కొసను దాని చుట్టూ ఒకదానికొకటి ఆనుకునేలా అయిదు చుట్లు తిప్పండి. చుట్టుకూ చుట్టుకూ మధ్య సందు కనిపించకూడదు. మెలికలు విడిపోకుండా తాళం వేసేది ఈ చుట్లే. మెలికలు లేకుండా చుట్లు, చుట్లు లేకుండా మెలికలు దేనికీ పనికిరావు.

మిగిలిన కొసను కటింగ్ ప్లేయర్‌తో కోయకండి. ఎంత దగ్గరగా కోసినా ముల్లులాంటి మొన మిగులుతుంది. మనం దారం లాగేది చేతులతో. ఆ మొన గ్లౌజు చీల్చి అరచేతిలో దిగుతుంది, ఉప్పునీళ్లలో ఆ గాయం మానదు. దాని బదులు, కొసను చివర దగ్గర వంచి చిన్న పిడిలా చేసుకోండి. ఆ పిడి పట్టుకుని, చుట్లు తిప్పిన తలంలో కాకుండా పొడుగు తీగ వెంబడి, ముందుకూ వెనక్కూ ఆడించండి. కాసేపటికి చివరి చుట్టు దగ్గరే నున్నగా విరిగిపోతుంది. వేలితో తడిమి చూడండి. గీరుకుంటే ఆ ముడి వద్దు.

తీగ రెండో కొసను స్వివెల్‌కు కూడా ఇదే ముడితో కట్టాలి. అక్కడ మామూలు ముడి వేసేవాళ్లను చాలామందిని చూశాను. స్టీలు తీగకు మామూలు ముడి వేయడమంటే చేతులారా మడత పెట్టడమే.

చివరిగా పరీక్ష. గాలాన్ని మేకుకు తగిలించి, స్వివెల్‌ను ప్లేయర్‌తో పట్టుకుని, శరీరం బరువు వేసి వెనక్కి వాలండి. ఉచ్చు చిన్నదైందా చూడండి. ఏ కొంచెం చిన్నదైనా ముడి జారినట్టే. మళ్లీ కట్టండి. ముఖాన్ని మాత్రం తీగకు పక్కగా ఉంచండి.

ఎర

సావిడాయి (రిబ్బన్ చేప) అన్నిటికంటే మేలు. దొరక్కపోతే కవ్వళ్లు (సార్డైన్), కానాగంతలు (మాకెరెల్). వంజరం వెనక నుంచి వచ్చి మొదట తోక కొరికేస్తుంది, కాబట్టి సావిడాయికి రెండు గాలాలు కావాలి. మొదటి గాలాన్ని కింది దవడ నుంచి పై దవడలోకి గుచ్చండి. నోరు మూసుకుని ఉంటేనే ఎర తిన్నగా ఈదుతుంది. దానికి 20 సెంటీమీటర్ల తీగతో రెండో గాలం కట్టి, ఒంటి నడుమ దాటాక గుచ్చండి. ఆ తీగకు రెండు వైపులా పైన చెప్పిన ముడే. బోటు పక్కన నీళ్లలో వదిలి చూడండి. ఎర గిరగిరా తిరుగుతుంటే గుచ్చడం తప్పింది. స్వివెల్ ఉందిగా అని వదిలేయకండి, తిరిగే ఎరను వంజరం పట్టదు.

గడలు, దారాలు

బోటుకు రెండు పక్కలా ఒక్కో వెదురు గడ. గడ కొసకు పొట్టి తాడు, ఆ తాడుకు సన్నటి రబ్బరు బ్యాండు, దానికి పెద్ద దారం తగిలించాలి. చేప పట్టగానే బ్యాండు తెగి దారం నేరుగా బోటులోకి వస్తుంది. దారం మొదలును బోటుకు కట్టేచోట అర మీటరు సైకిల్ ట్యూబు పెట్టండి, మొదటి కుదుపును అది తీసుకుంటుంది. ట్యూబుకు సమాంతరంగా కాస్త వదులుగా ఇంకో తాడు ఉండాలి. ట్యూబు తెగితే దారమంతా పోతుంది కదా.

గడల దారాలు 50 మీటర్లు, సీసం లేకుండా. వెనక మధ్య దారాలు రెండూ 30 మీటర్లు, పెద్ద దారం, సన్న దారం కలిసేచోట సీసం గుండుతో. వదిలేటప్పుడు గడలవి ముందు, తీసేటప్పుడు మధ్యవి ముందు. ఈ వరుస మారిస్తే నాలుగూ చిక్కుపడతాయి.

నీళ్లలో

ఎక్కడికి వెళ్లాలో హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే చేపల జాడ సూచన చూసుకుని వెళ్లండి. ఉపగ్రహాలు చూసిన సముద్రపు ఉపరితల వేడి, క్లోరోఫిల్ ఆధారంగా ఇస్తారు. దాన్ని చూసుకుంటే డీజిల్ ఆదా అవుతుంది. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే మాత్రం ఇంకేమీ చూడొద్దు, ఆ రోజు ఒడ్డునే ఉండండి.

వేగం గంటకు 6, 7 కిలోమీటర్లు దాటనివ్వకండి. నిజమైన ఎరతో అంతకంటే వేగం పెడితే ఎర చిరిగిపోతుంది. మలుపులు వెడల్పుగా తిప్పండి. సన్నగా తిప్పితే లోపలి వైపు దారాలు వదులై కిందికి దిగి, బయటి వాటిని కలుస్తాయి.

చేప పట్టాక ఇంజన్ ఆపేయొద్దు, వేగం తగ్గించండి చాలు. ఆపితే దారం వదులవుతుంది, వదులైతే గాలం ఊడుతుంది. దారాన్ని చేతికి చుట్టుకోవడం మాత్రం ఎవరు చేస్తున్నా అక్కడే ఆపించండి. లాగిన దారం కాళ్ల మధ్య కాదు, టబ్బులో పడాలి. కత్తి చేతికందేచోట ఉండాలి. సన్న దారం దాకా వచ్చాక తీగను పట్టుకోకండి. తల వెనక కొక్కెం వేసి ఒక్క ఊపులో లోపలికి తీయండి.

వెంటనే మొప్పలు కోసి రక్తం పోనివ్వండి, కడిగి, చేప బరువుకు సమానమైన ఐసులో పెట్టండి. వంజరం, సూర వేడికి ఉంటే మాంసంలో హిస్టమిన్ పుడుతుంది, వండినా అది పోదు. వలలో పడి గంటల తరబడి నానిన చేపకూ, గాలానికి పడి నిమిషాల్లో ఐసు చేరిన చేపకూ తేడా కొనేవాళ్లకు తెలుసు. మంచి ధర వచ్చేది ఆ తేడాకే.

చేప పడిన ప్రతిసారీ తీగ మార్చండి. నిటారుగా కనిపించినా సరే. ఇందుకోసమే నిషేధం రోజుల్లో రెండు మూడు డజన్ల తీగలు గాలాలతో సహా కట్టి పెట్టుకోవాలి. ఒక్కోదాన్ని పళ్లెమంత వెడల్పున చుట్టి, విడివిడిగా కవర్లలో పెట్టండి. ఒడ్డుకు రాగానే దారాలు, స్వివెల్స్ మంచినీళ్లతో కడిగి నీడలో ఆరేయండి. ఆ రోజు వాడిన తీగలను మళ్లీ పెట్టెలోకి రానివ్వకండి. గాలం విడదీసి, తీగను ముక్కలు చేసి డబ్బాలో వేయండి, ఒడ్డున మాత్రం పడేయకండి. అక్కడ పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతారు.