ఫ్లూకు ముందే నేర్చుకుందాం – 3వ పాఠం: జబ్బు గది, ఊపిరి లెక్క

పోయిన పాఠంలో రెండు వారాల సరుకుల జాబితా రాసుకున్నాం. బియ్యం, పప్పు అన్నీ రాసి పారాసిటమాల్, ఓఆర్‌ఎస్ పొట్లాలు మర్చిపోయినవాళ్లు ఇప్పుడే రాసేయండి. ఈసారి సరుకులతో పని లేదు, అంతా చేతిపనే. ఇంట్లో ఒకరికి ఫ్లూ వస్తే మిగతావాళ్లకు వీలైనంత అంటకుండా ఎలా చూసుకోవాలో నేర్చుకుందాం.

విపత్తు అనగానే మన విశాఖవాళ్లకు 2014 అక్టోబరు 12 గుర్తొస్తుంది. హుద్‌హుద్ తుఫాను పోయాక మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పెద్ద గిన్నె పెట్టి అందరం కలిసి వండుకుని తిన్నాం. ఎంత మంచి అలవాటైనా, ఫ్లూ రోజుల్లో అదే కొంప ముంచుతుంది. ఇంకో తేడా కూడా ఉంది. అప్పుడు కరెంటు స్తంభాలు నిలబెట్టడానికి బయటి జిల్లాల నుంచి మనుషులొచ్చారు. ఫ్లూ మహమ్మారి అన్ని ఊళ్లనూ దాదాపు ఒకేసారి పట్టుకుంటుంది. సాయం లారీ పంపాల్సినవాడి ఇంట్లోనూ జ్వరమే ఉంటుంది. అందుకే రోగికి మొదట చేయాల్సిన సేవ ఇంట్లోవాళ్లే నేర్చుకుని ఉండాలి.

నిజానికి మన పెద్దవాళ్లకు ఇది తెలిసిన విద్యే. పిల్లలకు అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండ కట్టేవారు. అది చూసి చుట్టాలు బయటి నుంచే పలకరించి వెళ్లిపోయేవారు. లోపల సేవ ఒక్కరే చేసేవారు. జబ్బు గది పద్ధతి కూడా ఇంతే.

గాలి బాగా ఆడే గది ఎంచుకోండి. గది తలుపు మూసి కిటికీలు తెరిచి ఉంచాలి. ఏసీ వద్దు. బాత్రూమ్‌లో గాలిని బయటికి తోసే ఫ్యాన్ ఉంటే వేసి ఉంచండి. విడిగా గది లేకపోతే? కంచరపాలెం, ఆరిలోవ వైపు కొండవాలు ఇళ్లలో చాలావాటికి ఒక గది, ఒక వరండానే. అలాంటి చోట రోగి మంచం కిటికీ పక్కన వేసి, మిగతావాళ్లు రెండు మీటర్ల దూరంలో పడుకోండి. రోగి తల ఉన్న వైపు మీ కాళ్లు ఉండాలి. పగలు వరండాలో కూర్చోబెట్టడం ఇంకా మేలు.

ఫ్లూ మనిషి జ్వరం బయటపడటానికి ఒక రోజు ముందు నుంచే ఇతరులకు అంటించగలడు. కాబట్టి గదిలో పెట్టేసరికే ఒకరిద్దరికి అంటి ఉండొచ్చు. అయినా పెట్టాలి, ఎందుకంటే ఆ తర్వాత ఇంకో ఐదారు రోజులు అంటిస్తూనే ఉంటాడు.

సేవ చేసే మనిషిని ఈరోజే అనుకోండి. గర్భిణి, 65 దాటినవాళ్లు, ఉబ్బసం, షుగర్ ఉన్నవాళ్లు వద్దు. మన ఇళ్లలో ఈ పని చెప్పకుండానే అమ్మ మీద పడుతుంది. ఆవిడకు షుగర్ ఉందో లేదో కూడా ఎవరూ అడగరు. లోపలికి వెళ్లేటప్పుడు మాస్కు, బయటికి రాగానే సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగడం, అంతే. కంచం, గ్లాసు పారేయక్కర్లేదు, మామూలు సబ్బుతో తోమితే చాలు. దుప్పట్లు దులపకుండా నేరుగా ఉతికి ఎండలో వేయండి.

ఇప్పుడు అసలు విద్య, ఊపిరి లెక్క. జ్వరం చూడటం అందరికీ వచ్చు. ఊపిరితిత్తులకు జబ్బు పాకిందో లేదో ముందుగా చెప్పేది మాత్రం ఊపిరి వేగం. పిల్లాడు ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి పొట్ట చూడండి. పైకి లేచి దిగితే ఒకటి. గడియారం పెట్టుకుని నిమిషం నిండా లెక్కపెట్టాలి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తే తప్పు వస్తుంది. రెండు నెలల లోపు పిల్లలకు 60, ఏడాది లోపు వాళ్లకు 50, ఐదేళ్ల లోపు వాళ్లకు 40, ఈ అంకెల్ని చేరినా దాటినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పెద్దవాళ్లకు 30. డొక్కలు లోపలికి పోతున్నా, పెదాలు నీలంగా మారినా, మనిషి మగతగా ఉన్నా లెక్కతో పనిలేదు, 108కి ఫోన్ చేయండి. జ్వరం తగ్గి, మళ్లీ వచ్చి దగ్గు ముదిరితే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఫ్లూ వెనకే న్యుమోనియా వచ్చే దారి అదే. పిల్లలకు ఆస్పిరిన్ ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకూడదు. ఫ్లూ మందు ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది, కాబట్టి ఇంట్లో చిన్నపిల్లలు, గర్భిణులు, వృద్ధులు ఉంటే మొదటి రోజే డాక్టరుతో మాట్లాడండి.

హోంవర్క్: ఈ ఆదివారం రెండు గంటలు ఉత్తుత్తి జబ్బు గది నడపండి. మేం చేసినప్పుడు మా అత్తగారిని రోగిగా కూర్చోబెట్టాం. "ఏటమ్మా, నన్ను వెలేత్తన్నారా?" అని అలిగారు. "అమ్మోరు పోసినప్పుడు పెట్టేవారు కదా అత్తయ్యా, అలాగే" అంటే, "అలాగని ముందే చెప్పొచ్చు కదే" అంటూ పక్కింటి చెట్టు నుంచి వేపమండ తెప్పించి తనే తలుపుకు కట్టుకున్నారు. ఆ రెండు గంటల్లో మాకు తెలిసింది ఏమిటంటే, ఆ గది నుంచి బాత్రూమ్‌కు వంటిల్లు దాటే వెళ్లాలి. దాంతో గది మార్చాం.

మీరూ ఇంట్లో నిద్రపోతున్న వాళ్ల ఊపిరి లెక్కపెట్టి ఒక నోట్‌బుక్‌లో వేయండి. ఒంట్లో బాగున్నప్పటి అంకె చేతిలో ఉంటేనే తేడా తెలుస్తుంది. పక్కన టైము, జ్వరం, తాగిన నీళ్లు, మూత్రం, వేసిన మందు, ఈ గళ్లు గీసి ఉంచండి.

నాలుగో పాఠంలో వీధి జాబితా రాద్దాం: ఒంటరిగా ఉండే ముసలివాళ్లు ఎవరు, మెట్ల మీది ఇళ్లకు గ్యాసు బండ, నీళ్ల బిందె ఎవరు మోస్తారు, గుమ్మం దగ్గర పెట్టి ఎలా వెనక్కి రావాలి.