గాజు ట్యూబా, ప్లాస్టిక్ ట్యూబా: మెడికల్ జర్నల్‌కి పేపర్ రాసి పంపే పద్ధతి

పాముకాటు కేసుల మీద మా పీజీ అమ్మాయి రాసిన పేపర్‌కి రివ్యూయర్ (జర్నల్ తరఫున పేపర్ని పరిశీలించే నిపుణుడు) దగ్గర్నుంచి వచ్చిన మొదటి ప్రశ్న ఇది: "20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష ఏ ట్యూబులో చేశారు?" మా పేపర్లో ఆ సంగతే లేదు. పరీక్ష చేశామని మాత్రం రాశాం.

ఆ పరీక్ష చాలా చిన్నది. సిరలోంచి 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, కొత్తగా, శుభ్రంగా, పొడిగా ఉన్న గాజు ట్యూబులో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. రక్తం ఇంకా నీళ్ళలా జారుతుంటే రక్తపింజర లాంటి పాము విషం పనిచేస్తోందని గుర్తించి యాంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు మందు) మొదలుపెడతాం. గడ్డకట్టే ప్రక్రియని కదిలించేది ఆ గాజు గోడే. ప్లాస్టిక్ ట్యూబులో పోసినా, సబ్బుతో కడిగిన గాజు ట్యూబులో పోసినా, ఏ విషమూ ఎక్కని మనిషి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. అంటే రివ్యూయర్ అడిగిన ఆ ఒక్క ముక్క మీద మా పట్టికలన్నీ నిలబడి ఉన్నాయి.

అమ్మాయి ఆ రాత్రే క్యాజువాల్టీకి వెళ్ళి డ్యూటీలో ఉన్న సిస్టర్ని అడిగింది. "వానాకాలంలో కొన్నాళ్ళు గాజువి అయిపోయాయమ్మా, ప్లాస్టిక్ వాటిల్లోనే చేశాం" అని చెప్పి, ఆవిడ స్టాక్ రిజిస్టర్ తీసి తేదీలు చూపించింది. ఆ తేదీల్లో వచ్చినవాళ్ళని వేరుచేసి, వాళ్ళని కలిపి ఒకసారి, తీసేసి ఒకసారి లెక్క కట్టాం. రెండు లెక్కలూ పేపర్లో పెట్టాం, ఎందుకు పెట్టామో కూడా రాశాం.

నేను ప్రభుత్వ బోధనాసుపత్రిలో జనరల్ మెడిసిన్ చెబుతాను. థీసిస్ అయిపోయాక "మేడమ్, దీన్ని పేపర్‌గా ఎలా పంపాలి?" అని వచ్చే ప్రతి పీజీకీ ముందు ఈ ట్యూబు కథే చెబుతాను. పేపర్లో రాసిన ప్రతి వాక్యం వెనకా ఒక కేస్ షీటో, ఒక రిజిస్టరో, అడిగితే చెప్పగలిగే ఒక మనిషో ఉండాలి. ఆ ఆధారం దొరకని వాక్యాన్ని కొట్టెయ్యండి.

ముందు అనుమతి

రికార్డులు చూసి రాసేదే కదా, మందు ఇచ్చేది లేదు కదా అని ఎథిక్స్ కమిటీకి (రోగులకి సంబంధించిన పరిశోధనని పరిశీలించి అనుమతి ఇచ్చే కమిటీ) వెళ్ళనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. రోగి వివరాలు వాడే పనికి మొదలుపెట్టకముందే కమిటీ దగ్గరికి వెళ్ళాలి. పాత రికార్డుల పనికి రోగుల సమ్మతి నుంచి మినహాయింపు కోరవచ్చు, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో అందుకు దారి ఉంది. అయితే ఆ మినహాయింపు ఇచ్చేది కమిటీ, మనకి మనం ఇచ్చుకోకూడదు. పని అంతా అయ్యాక అనుమతి అడిగితే దొరకదు. ఉత్తరం నంబరూ తేదీ దాచుకోండి, పేపర్లోనూ సబ్మిట్ చేసే పోర్టల్లోనూ రెండుచోట్లా అడుగుతారు.

రోగులకి మందో మరో చికిత్సో కేటాయించి ఫలితం చూసే ట్రయల్ అయితే, మొదటి రోగిని చేర్చుకోకముందే సీటీఆర్ఐలో (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు చేయాలి. తర్వాత చేసిన నమోదుని మంచి జర్నల్స్ ఒప్పుకోవు.

ఫొటోల సంగతి గట్టిగానే చెబుతున్నాను. వాచిన కాలు ఫొటో అయినా రోగి రాతపూర్వక సమ్మతి తీసుకోండి. కళ్ళ మీద నల్లపట్టీ వేస్తే మనిషి దాగినట్టు కాదు. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, చదవలేని వాళ్ళకి సాక్షి ముందు చదివి వినిపించాలి. ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం నాకు నచ్చదు.

పట్టికలతో మొదలుపెట్టండి

చాలామంది ఇంట్రడక్షన్ దగ్గర మొదలుపెట్టి, "భారతదేశంలో పాముకాటు పెద్ద సమస్య" అని రాసి అక్కడే వారం రోజులు కూర్చుంటారు. పట్టికలు ముందు వేయండి. మొదటి దాంట్లో ఎవరు వచ్చారు: వయసు, ఆడా మగా, పని, కాటుకీ ఆసుపత్రికీ మధ్య ఎన్ని గంటలు. రెండో దాంట్లో ఏం కనబడింది. మూడో దాంట్లో యాంటీవీనమ్ ఎన్ని వయల్స్ (చిన్న సీసాలు) ఇచ్చారు, ఎవరికి డయాలసిస్ పడింది, ఎవరు కోలుకున్నారు, ఎవరు పోయారు.

గంటల లెక్కకి సగటు వేయకండి. పక్క ఊరి రైతు గంటలో వచ్చేస్తాడు, మంత్రం వేయించుకుని మూడోరోజు వచ్చేవాళ్ళూ ఉంటారు. ఆ ముగ్గురు నలుగురు సగటుని ఎటో లాగేస్తారు. మీడియన్ (వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చే విలువ), ఇంటర్‌క్వార్టైల్ రేంజ్ (మధ్య సగం మంది ఉన్న పరిధి) ఇవ్వండి. శాతం పక్కన అసలు సంఖ్య ఉండాలి. పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా యాదృచ్ఛికంగా ఇంత తేడా కనబడే అవకాశం) 0.05 కంటే తక్కువ అని వదిలేయకుండా వచ్చిన అంకె వేసి, కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు విలువ ఉండగల పరిధి అంచనా) కూడా ఇవ్వండి.

కేస్ షీట్లో రాయనిది రాయనట్టే చూపించండి. కాటు సమయం గడి ఖాళీగా ఉంటే ఎక్సెల్‌లోనూ ఖాళీగా వదిలి, ఎంతమందిలో దొరకలేదో పట్టిక కింద చెప్పండి. ఖాళీ గడిలో సున్నా వేస్తే, కాటు వేసిన నిమిషంలోనే ఆసుపత్రికి వచ్చినట్టు అవుతుంది. మా పేపర్ మొదటి ప్రతిలో అబ్‌స్ట్రాక్ట్‌లో (పేపర్ మొదట ఉండే సారాంశం) ఉన్న రోగుల సంఖ్యకీ మూడో పట్టికలో ఉన్న సంఖ్యకీ ముగ్గురు తేడా వచ్చారు. వాళ్ళు చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళు, ఫలితం తెలియనివాళ్ళు. ఆ సంగతి ఒక వాక్యంలో రాసి ఉంటే సరిపోయేది. పంపే ముందు రోజు ఇంకో మనిషిని కూర్చోబెట్టి అబ్‌స్ట్రాక్ట్, టెక్స్ట్, పట్టికల్లో అంకెలన్నీ వేలు పెట్టి పోల్చి చూడమనండి.

మెథడ్స్: నేను ఎక్కువసేపు కూర్చునే చోటు

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. ఎంబీబీఎస్‌లో బయోకెమిస్ట్రీ ల్యాబుకి వెళ్ళినవాళ్ళకి ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరు తెలుసు. ఇన్నేళ్ళ తర్వాత కూడా పేరు నిలిచిందంటే, చదివినవాళ్ళు తమ ల్యాబులో అదే పని చేసి అదే ఫలితం తెచ్చుకోగలిగారు కాబట్టే. మీ మెథడ్స్‌ని (పని ఎలా చేశారో చెప్పే భాగం) ఆ కొలతతోనే చూసుకోండి. ఆదిలాబాద్‌లో ఇంకో పీజీ మీ పేపర్ చదివి, మిమ్మల్ని అడగకుండా అదే పని చేయగలగాలి.

ఎప్పట్నుంచి ఎప్పటిదాకా, ఎవరిని తీసుకున్నారు, ఎవరిని వదిలేశారు, ఎందుకు. "కిడ్నీ దెబ్బతింది" అంటే ఏమిటో అంకెల్లో చెప్పాలి. 48 గంటల్లో రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టే వ్యర్థం) డెసీలీటరుకి 0.3 మిల్లీగ్రాములు పెరగడాన్ని తీసుకున్నారా, వారంలో ఒకటిన్నర రెట్లు అవడాన్నా, రెండింటినీనా? పాము జాతి ఎలా గుర్తించారు? చంపి సంచిలో తెచ్చిన పాముని చూసి చెప్పారా, ఫొటో చూపించి అడిగారా, లక్షణాలని బట్టి ఊహించారా? ఈ మూడింటికీ నమ్మకంలో చాలా తేడా ఉంది. దేన్ని వాడితే దాన్నే రాయండి.

పేపర్లో ఏమేం రాయాలో చెప్పే చెక్‌లిస్ట్, మీ పనికి తగినది, ఈక్వేటర్ నెట్‌వర్క్ సైట్లో దొరుకుతుంది. మాలాంటి పరిశీలనా పనికి స్ట్రోబ్, అందులో 22 అంశాలు. ట్రయల్‌కి కన్సార్ట్, కేస్ రిపోర్ట్‌కి కేర్, సిస్టమాటిక్ రివ్యూకి ప్రిస్మా. అంతా రాశాక నింపడానికి కాకుండా, రాసేటప్పుడే పక్కన పెట్టుకోండి.

మిగతా భాగాలు

ఇంట్రడక్షన్ మూడు పేరాలు చాలు: తెలిసింది, తెలియనిది, మనం చూడబోయింది. డిస్కషన్ మొదటి పేరాలో మీకు కనబడిందే చెప్పాలి. పరిమితులు దాచకండి. మా ట్యూబుల సంగతి రాశాక రివ్యూయర్ మెత్తబడ్డాడేగాని పేపర్ని తక్కువ చేయలేదు.

ఇంగ్లీషు గురించి భయపడే పిల్లలకి నేనొక పని చెబుతాను. డ్యూటీ రూములో కూర్చుని, మీ ఫలితాలని పక్కనున్న ఇంటర్నీకి తెలుగులో చెప్పండి. "ఆలస్యంగా వచ్చినవాళ్ళకి కిడ్నీలు ఎక్కువగా దెబ్బతిన్నాయి" అని నోట చక్కగా వస్తుంది. దాన్నే చిన్న ఇంగ్లీషు వాక్యంగా పెట్టండి. ఒక వాక్యంలో మూడు సంగతులు ఇరికించినప్పుడే మెలిక పడుతుంది.

చాట్‌బాట్‌తో భాష సరిచేయించుకుంటే ఆ సంగతి పేపర్లో చెప్పాలి, దాన్ని రచయితగా పెట్టడానికి వీల్లేదు. రోగుల వివరాలు అందులో వేయకండి. అది ఇచ్చిన రెఫరెన్స్‌ని పబ్‌మెడ్‌లో (వైద్య పేపర్లు వెతికే సైటు) తెరిచి చూడకుండా వాడకండి, లేని పేపర్లని ఉన్నట్టు రాసిచ్చే అలవాటు వాటికుంది. ఎవరో ఉదహరించారు కదా అని చదవని పేపర్ని మీరూ ఉదహరించడం కూడా మానుకోండి.

ఎవరి పేరు ఉండాలి

ఇది మొహమాటాల చోటు, అందుకే మొదటి రోజే మాట్లాడుకోవాలి. ఐసీఎంజేఈ (మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ) నియమాలు నాలుగు: పనిలో చెప్పుకోదగ్గ పాత్ర, రాయడంలోనో దిద్దడంలోనో పాలు, చివరి ప్రతికి ఆమోదం, మొత్తం పేపర్‌కి జవాబుదారీ. నాలుగూ ఉన్నవాళ్ళే రచయితలు. సార్ పేరు పెట్టకపోతే ఏమనుకుంటారో అని పీజీలు నలిగిపోతుంటారు. పని మొదట్లోనే ఆ నాలుగు నియమాల కాగితాన్ని గైడ్‌కి ఇచ్చి, "సార్, మీరు డ్రాఫ్ట్ చూసి దిద్దాలి" అని అడగండి. దిద్ది, మిగతా మూడూ ఉంటే ఆయన రచయితే. ఆ నాలుగూ లేనివాళ్ళకి, రిజిస్టర్ చూపించిన సిస్టర్‌కి, పాత షీట్లు వెతికిచ్చిన రికార్డు రూము ఉద్యోగికి, వాళ్ళనడిగి కృతజ్ఞతల్లో పేరు పెట్టండి.

ఏ జర్నల్

మీ రెఫరెన్స్‌లు చూసుకోండి, ఏ జర్నల్ మూడు నాలుగు సార్లు వచ్చిందో అక్కడే మీ పాఠకులు ఉంటారు. అందులో ఈమధ్య వచ్చిన మూడు పేపర్లు చదివితే పొడవు, ధోరణి తెలుస్తాయి. ఇండెక్సింగ్ (పేపర్లు వెతికే సూచికల్లో జర్నల్ చేరి ఉండటం) ఉందో లేదో జర్నల్ సైట్ మాట నమ్మకుండా అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ కేటలాగ్‌లో వెతకండి. ప్రచురణ రుసుము ఎంతో పంపకముందే తెలుసుకోండి.

పొగుడుతూ మెయిల్ పెట్టి, మూడు రోజుల్లో అంగీకారం అని రాసేవాళ్ళకి పంపకండి. మూడు రోజుల్లో ఎవరూ మీ పట్టికలు చదవరు. ప్రమోషన్ తొందరలో అలా ఇచ్చేసిన మంచి డేటాని నేను చూశాను. ఆ రోగుల కథని ఇంకోచోట మళ్ళీ చెప్పడానికి వీలుండదు. ఒకేసారి రెండు జర్నల్స్‌కి పంపడం తప్పు, ఒకచోట నుంచి జవాబు వచ్చాకే ఇంకోచోటికి వెళ్ళాలి.

పంపే రోజు

సాయంత్రం ఓపీ అయ్యాక హడావుడిగా కూర్చోకండి, రెండు మూడు గంటలు పడుతుంది. రచయితల పేర్లు, ఎథిక్స్ వివరాలు ఉన్న టైటిల్ పేజీ వేరు ఫైలు. జర్నల్ రచయితల పేర్లు దాచి రివ్యూ చేయించేదైతే, అసలు పేపర్లో ఆసుపత్రి పేరు కూడా ఉండకూడదు. వర్డ్ ఫైలు ప్రాపర్టీస్‌లో మీ పేరు దాగి ఉంటుంది, అదీ తీసేయండి. కవర్ లెటర్ అర పేజీ: ఏం చూశాం, ఈ జర్నల్ పాఠకులకి ఎందుకు పనికొస్తుంది, ఇంకెక్కడా పంపలేదు, థీసిస్ నుంచి వచ్చింది.

అన్నీ ఎక్కించాక సిస్టమ్ ఒక పీడీఎఫ్ తయారుచేస్తుంది. ప్రతి పేజీ తెరిచి చూడండి, పట్టికలో చివరి నిలువు వరుస తెగిపోవడం మామూలే. చూశాక ఆమోదం బటన్ నొక్కాలని అడిగే పోర్టల్స్ ఉన్నాయి. అది నొక్కక, వెళ్ళిపోయిందనుకుని నెలంతా ఎదురుచూసిన కుర్రాడు మా డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాడు.

రివ్యూయర్లకి జవాబు రాసేటప్పుడు వాళ్ళ ప్రతి వ్యాఖ్యనీ మార్చకుండా పెట్టి, దాని కిందే జవాబు, ఏ పేజీలో ఏ లైనులో మార్చామో రాయండి. ఒప్పుకోలేని చోట కారణం చెప్పండి. తిరస్కరిస్తే వ్యాఖ్యలు మరుసటి రోజు చదవండి, పనికొచ్చేవి సరిచేసి ఇంకో జర్నల్‌కి పంపండి.

మన పేర్ల సంగతి

పోర్టల్లో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులుంటాయి. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. సుబ్బారావు గారి విషయంలో ఇంటిపేరు యల్లాప్రగడ ఒట్టి 'వై' అయిపోయి, పిలిచే పేరే ప్రపంచానికి ఇంటిపేరయింది. మీరు ఎలా కావాలనుకున్నా సరే, మొదటి పేపర్‌కే నిర్ణయించుకుని జన్మంతా అదే రాయండి. ఓర్కిడ్‌లో (పరిశోధకులకి గుర్తింపు నంబర్ ఇచ్చే సంస్థ) ఉచితంగా 16 అంకెల నంబర్ తీసుకుంటే పెళ్ళయి పేరు మారినా మీ పేపర్లు మీ దగ్గరే ఉంటాయి.

అంగీకారం తర్వాత ప్రూఫ్ (అచ్చుకి ముందు సరిచూసే ప్రతి) వస్తుంది, చూసి పంపడానికి రెండు మూడు రోజులే ఇస్తారు. పేర్లు, పట్టికల అంకెలు, మందుల డోసులు మళ్ళీ చూడండి. మా ప్రూఫ్‌లో మందులూ అంకెలూ సరిగ్గానే ఉన్నాయి, కృతజ్ఞతల్లో సిస్టర్ పేరులో ఒక అక్షరం తప్పు పడింది. అమ్మాయి ఆవిడకి ఫోన్ చేసి స్పెల్లింగ్ కనుక్కుని, సరిచేసి, ఆ రాత్రే పంపించింది.