అమెరికా నుంచి ఇంటికి డబ్బు: ఒక శాతం పన్ను, క్రిప్టో దారి, అసలు లెక్క

విదేశాలకు పంపే సొమ్ముపై 5% పన్ను వేయాలన్న ప్రతిపాదన 2025 మే నెలలో అమెరికా ప్రతినిధుల సభ ముందుకు వచ్చిన నాటి నుంచి, డల్లాస్ మొదలుకొని న్యూజెర్సీ దాకా తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో అదే చర్చ. సభ ఆ బిల్లును ఆమోదించే నాటికి రేటు 3.5%కు తగ్గింది, సెనేట్ దాన్ని 1%కు దించింది, జూలై 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకంతో అది చట్టమై 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. గ్రూపుల్లో తిరిగే సందేశాలు మాత్రం చాలావరకు ఆ 5% దగ్గరే ఆగిపోయాయి. వాటి కిందనే "యూఎస్‌డీటీ కొని పంపేయండి, పన్ను గొడవ ఉండదు" అనే సలహా కూడా కనిపిస్తుంది. యూఎస్‌డీటీ అంటే ఒక క్రిప్టో నాణెం. ఆ సలహా పాటించే ముందు ఇంట్లో కూర్చుని కాగితం మీద వేసుకోవాల్సిన లెక్క ఎలా ఉంటుందో చెప్పడానికే ఈ వ్యాసం. భారతీయ రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో దేశానికి వచ్చిన ప్రవాసుల సొమ్ములో 27.7% అమెరికా నుంచే వచ్చింది, మొత్తం సొమ్ములో తెలంగాణకు 8.1%, ఆంధ్రప్రదేశ్‌కు 4.4% చేరింది. కాబట్టి ఈ లెక్క మన ఇళ్లలో చాలామందికి పనికొచ్చేదే.

ముందుగా, ఈ పన్ను మీకు తగులుతుందో లేదో చూసుకోండి

చట్టం పన్ను వేసింది డబ్బు పంపడం మీద కాదు, డబ్బు పంపేందుకు మీరు ఏజెంటు చేతికి ఏమి ఇచ్చారన్న దాని మీద. నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్స్ చెక్, లేదా అలాంటి మరో భౌతిక సాధనం ఇచ్చి పంపితే 1% పన్ను పడుతుంది. అమెరికా బ్యాంకులోని మీ ఖాతా నుంచి సొమ్ము తీసుకునేలా పంపినా, అమెరికాలో జారీ అయిన డెబిట్ లేదా క్రెడిట్ కార్డుతో చెల్లించినా పన్ను లేదు. మొదటి ప్రతిపాదనలో ఉన్న పౌరులు, పౌరులు కానివారు అన్న తేడా చివరి చట్టంలో లేదు. హెచ్-1బీ మీద ఉన్నవారైనా, గ్రీన్ కార్డు ఉన్నవారైనా, అక్కడే పుట్టినవారైనా నగదుతో పంపితే పన్ను కట్టాల్సిందే, ఖాతాతో పంపితే అక్కర్లేదు. వసూలు చేసి ప్రభుత్వ ఖజానాకు జమ చేసే బాధ్యత డబ్బు పంపే సంస్థదే.

అంటే ఫోన్‌లో యాప్ తెరిచి, దానికి జతచేసిన బ్యాంకు ఖాతా నుంచి నెలనెలా గుంటూరుకో కరీంనగర్‌కో పంపే ఉద్యోగికి ఈ చట్టంతో ఒక్క సెంటు కూడా అదనపు భారం లేదు. తనకు అసలు తగలని పన్నును తప్పించుకోవడానికి క్రిప్టో కొనేవారిని నేను చూశాను.

నిజంగా తగిలేది చేతికి నగదు వచ్చేవారికి, ఇంకా ఖాతా తెరవనివారికి. వారు చేయాల్సిన మొదటి పని ఖాతా తెరవడం. సోషల్ సెక్యూరిటీ నంబరు రాకముందే పాస్‌పోర్టు, వీసా, చిరునామా రుజువు, విద్యార్థులైతే కళాశాల ఇచ్చే ఐ-20 పత్రం చూపితే శాఖకు వెళ్లినప్పుడు ఖాతా తెరిచే బ్యాంకులు చాలా ఉన్నాయి. సంపాదన నగదును అందులో జమ చేసి, ఆ ఖాతా నుంచి పంపితే పన్ను ప్రసక్తి రాదు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఒకేరోజు 10,000 డాలర్లు దాటిన నగదు జమను బ్యాంకు ప్రభుత్వానికి నివేదిస్తుంది, అందులో మీకు వచ్చే నష్టమేమీ లేదు. ఆ నివేదికను తప్పించుకోవాలని సొమ్మును కావాలని ముక్కలు చేసి వేర్వేరు రోజుల్లో జమ చేయడం మాత్రం దానికదే నేరం, డబ్బు ఎంత న్యాయంగా సంపాదించినదైనా సరే.

పన్ను కంటే పెద్ద ఖర్చు ఎక్కడ దాగి ఉంటుంది

డబ్బు పంపే సంస్థ మన నుంచి రెండు విధాలుగా తీసుకుంటుంది. ఒకటి కంటికి కనిపించే రుసుము, రెండోది మారకపు రేటులో ఉంచుకునే తేడా. "రుసుము సున్నా" అని పెద్ద అక్షరాలతో రాసిన చోట రెండోది ఎక్కువగా ఉండే అవకాశం ఉందని గుర్తుంచుకుని, రోజు మార్కెట్ రేటును పక్కన పెట్టుకుని చూడాలి. ఉదాహరణకు మార్కెట్లో డాలరు 88 రూపాయలు ఉన్న రోజున ఒక సంస్థ 87.20 ఇస్తోందనుకుందాం. వెయ్యి డాలర్లకు 800 రూపాయలు, అంటే తొమ్మిది డాలర్లకు పైగా అక్కడే పోయినట్టు. నగదుపై పడే పన్ను వెయ్యికి పది డాలర్లు. పన్ను పేరు వినగానే ఉలిక్కిపడేవారు ఈ ఎనభై పైసలను ఏళ్ల తరబడి పట్టించుకోకుండా వదిలేయడం విచిత్రమే.

అందువల్ల పోల్చవలసింది ఒకే ఒక్క సంఖ్యను: నా ఖాతా నుంచి సరిగ్గా వెయ్యి డాలర్లు పోతే, అమ్మ ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయి? మూడు సంస్థల యాప్‌లను ఒకే పది నిమిషాల్లో తెరిచి ఆ సంఖ్య రాసుకోండి. కొత్త వినియోగదారులకు మొదటిసారి ఇచ్చే ప్రత్యేక రేటును లెక్కలోకి తీసుకోకండి, రెండోసారికి అది ఉండదు.

క్రిప్టో వైపు లాగేది నిజానికి పన్ను కాదు

డాలరుతో సమానంగా ఉండేలా రూపొందించిన యూఎస్‌డీటీ వంటి నాణేలు మన దేశపు మార్కెట్లో తరచుగా డాలరు రేటు కంటే రెండు మూడు రూపాయలు ఎక్కువకు అమ్ముడవుతుంటాయి. డాలరు 88 ఉన్నప్పుడు ఇక్కడ యూఎస్‌డీటీ 91కి పోతే, అమెరికాలో కొని ఇక్కడ అమ్మినవారికి వెయ్యికి 91,000 వస్తాయి. పైన చెప్పిన సంస్థ ద్వారా వచ్చేది 87,200. ఈ 3,800 తేడాయే ఆశ పెడుతోంది, ఒక శాతం పన్ను దానికి సాకు మాత్రమే. కాబట్టి ఆ 3,800లో చేతికి ఎంత మిగులుతుందో చూద్దాం.

అమెరికాలో కొనేటప్పుడు ఎక్స్ఛేంజ్ (క్రిప్టో నాణేలు కొని అమ్మే వేదిక) రుసుము, నాణేన్ని బయటకు పంపేటప్పుడు అది ప్రయాణించే కంప్యూటర్ నెట్‌వర్క్ రుసుము, ఇక్కడ అమ్మేటప్పుడు మరో రుసుము ఉంటాయి. ఆపైన మన ఆదాయపు పన్ను. 2022 ఏప్రిల్ 1 నుంచి వర్చువల్ డిజిటల్ ఆస్తుల (క్రిప్టో నాణేలు ఇందులోకే వస్తాయి) లాభంపై 30% పన్ను, దానిపై 4% సెస్సు, కలిపితే 31.2%. అదే ఏడాది జూలై 1 నుంచి అమ్మకపు విలువపై 1% టీడీఎస్ (చెల్లింపు సమయంలోనే మినహాయించే పన్ను) కోత కూడా మొదలైంది. 88,000కు కొన్నది 91,000కు అమ్మితే లాభం 3,000, దానిపై పన్ను 936 రూపాయలు. టీడీఎస్‌గా కోసే 910 ఈ పన్నులోనే సర్దుబాటవుతుంది. ఇంతవరకు చూస్తే కొంత మిగులు ఉన్నట్టే కనిపిస్తుంది, లేదని చెప్పడం నిజాయితీ కాదు.

చిక్కు ఎక్కడంటే, ఈ లెక్క 88,000 కొనుగోలు ధరను రుజువు చేయగలిగినప్పుడే నిలుస్తుంది. కొన్నది కొడుకు, అమెరికాలో, అతని పేరు మీద. అమ్మింది తల్లి, ఇక్కడ, ఆమె పాన్ మీద. ఆ నాణెం ఆమె చేతికి ఎలా వచ్చిందో, దాని ధర ఎంతో చూపే కాగితాలు ఆమె దగ్గర లేకపోతే అధికారి మొత్తం 91,000ను లాభంగా పరిగణించే ప్రమాదం ఉంది. అప్పుడు పన్ను 28,392 రూపాయలు. పైగా ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరో నాణెంలో వచ్చిన లాభంతో సర్దుకోవడానికి కూడా మన చట్టం ఒప్పుకోదు. అటువైపు అమెరికా పన్ను శాఖ అయిన ఐఆర్ఎస్ క్రిప్టోను ఆస్తిగా చూస్తుంది, డిజిటల్ ఆస్తుల లావాదేవీలు జరిగాయా అన్న ప్రశ్న రిటర్ను మొదటి పేజీలోనే ఉంటుంది.

ఇక నగదు మాత్రమే చేతిలో ఉన్నవారి సంగతి, అంటే ఈ పన్ను నిజంగా తగిలేవారి సంగతి. నగదు ఇచ్చి క్రిప్టో కొనగలిగే చోటు పెట్రోలు బంకులు, చిన్న దుకాణాల్లో ఉండే బిట్‌కాయిన్ ఏటీఎం. వాటిలో రుసుము, రేటు తేడా కలిపి 10% నుంచి 20% దాకా, ఒక్కోచోట అంతకంటే ఎక్కువే పోతుంది. వెయ్యి డాలర్లపై పది డాలర్ల పన్ను తప్పించుకోవడానికి నూరో రెండు వందలో ఇచ్చుకోవడమన్నమాట. ఈ ఒక్క లెక్క తెలిస్తే సగం చర్చ అక్కడికక్కడే ముగిసిపోతుంది.

మా బంధువుల ఇంట్లో జరిగినది

టెక్సాస్‌లో ఉన్న మా బంధువుల అబ్బాయి ఒకరు దాదాపు మూడు లక్షల రూపాయల విలువైన యూఎస్‌డీటీని ఊళ్లో ఉన్న తమ్ముడి క్రిప్టో వాలెట్‌కు పంపాడు. తమ్ముడు దాన్ని పీటూపీలో, అంటే ముక్కూముఖం తెలియని కొనుగోలుదారులకు నేరుగా అమ్మేశాడు. సొమ్ము ఏడు ముక్కలుగా, ఏడుగురు అపరిచితుల పేర్లతో ఒకే సాయంత్రం ఖాతాలో పడింది. పదకొండో రోజున కిరాణా దుకాణంలో యూపీఐ పనిచేయకపోవడంతో బ్యాంకుకు వెళితే, వేరే రాష్ట్రపు సైబర్ పోలీసుల ఆదేశంతో ఖాతాను స్తంభింపజేశామన్నారు. ఆ ఏడు ముక్కల్లో 42,000 రూపాయలది ఎవరో మోసపోయి 1930 నంబరుకు ఫిర్యాదు చేసిన డబ్బట. ఆపింది ఆ 42,000ను మాత్రమే కాదు, జీతం పడే ఖాతా మొత్తాన్ని. భాష తెలియని స్టేషనుకు మెయిళ్లు పెట్టుకుంటూ, వాలెట్ స్క్రీన్‌షాట్లు పంపుకుంటూ ఆ కుటుంబం మూడు నెలలు గడిపింది. మిగిలిన ప్రశ్నలన్నింటికీ జవాబు చెప్పగలిగారు గానీ, "ఈ డబ్బు విదేశం నుంచి ఏ బ్యాంకు ద్వారా వచ్చింది" అన్న ప్రశ్నకు వారి దగ్గర కాగితం లేదు.

ఆ కాగితం ఉండకపోవడానికి కారణం ఉంది. మన విదేశీ మారకద్రవ్య చట్టం ప్రకారం విదేశాల నుంచి వచ్చే సొమ్ము అధీకృత డీలర్ల ద్వారా, అంటే బ్యాంకుల ద్వారా రావాలి. అలా వచ్చినప్పుడు దానికి ఒక పర్పస్ కోడ్ పడుతుంది. కుటుంబ పోషణకు ప్రవాసులు పంపే సొమ్ముకు పీ1301, వ్యక్తిగత కానుకకు పీ1302. రేపు ఆ సొమ్ముతో ఇల్లు కొన్నా, పన్ను శాఖ నుంచి నోటీసు వచ్చినా, ఆ కోడుతో ఉన్న రసీదే ఆధారం. తల్లిదండ్రులకు పిల్లలు పంపే సొమ్ము ఎంతైనా వారికి పన్ను లేదు, కానీ అది పిల్లలు పంపినదేనని చూపగలగాలి.

అయినా క్రిప్టోయే వాడదలచుకుంటే

పీటూపీని పూర్తిగా మానుకోండి. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిఘా విభాగం (ఎఫ్‌ఐయూ) దగ్గర నమోదైన మన దేశపు ఎక్స్ఛేంజ్‌లోనే, కేవైసీ పూర్తయిన ఖాతాలోనే అమ్మండి, ఈ సంస్థలను 2023 మార్చిలో మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందకు తెచ్చారు. నమోదైనది కదా అని నాణేలను అక్కడే నిల్వ ఉంచకండి. 2024 జూలైలో మన దేశపు ఎక్స్ఛేంజ్ వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన ఆస్తులను దొంగలు ఎత్తుకుపోయినప్పుడు ఖాతాదారుల సొమ్ము నెలల తరబడి ఇరుక్కుపోయింది. పంపే ముందు రెండువైపులా నెట్‌వర్క్ ఒకటేనా అని చూసి, పది డాలర్లతో ఒకసారి పరీక్షించండి. తప్పు నెట్‌వర్క్‌లో పంపిన నాణేన్ని వెనక్కి తెచ్చిపెట్టే బ్యాంకు మేనేజరు అంటూ ఎవరూ ఉండరు. డాలరుతో సమానమన్న మాటనూ గుడ్డిగా నమ్మకండి: 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు కూలినప్పుడు, తన నిల్వల్లో కొంత అందులోనే ఉంచిన, ఇలాంటిదే మరో పేరున్న నాణెం యూఎస్‌డీసీ కూడా ఒక దశలో 90 సెంట్ల లోపునకు దిగివచ్చింది.

ఇటునుంచి అటు పంపేవారికి ఒక్క మాట. పిల్లల ఫీజులకో పెట్టుబడికో విదేశాలకు పంపేటప్పుడు ఏడాదికి 10 లక్షలు దాటితే బ్యాంకు టీసీఎస్ వసూలు చేస్తుంది, పెట్టుబడుల వంటి వాటికి అది 20%. చూడటానికి భారీగా ఉన్నా అది ముందస్తు పన్ను మాత్రమే, రిటర్నులో సర్దుబాటవుతుంది లేదా తిరిగి వస్తుంది. గుర్తింపు పొందిన సంస్థ నుంచి తీసుకున్న విద్యారుణంతో ఫీజు కడితే అసలు ఉండదు. దీన్ని తప్పించుకోవడానికి ఇక్కడ నాణేలు కొని అక్కడికి పంపడం విదేశీ మారక నిబంధనల ఉల్లంఘన కిందకు వచ్చే ప్రమాదం ఉంది, ఆ వ్యవహారం చూసేది ఈడీ.

పంపే రోజున

డబ్బు పంపే సంస్థ మీరు చెల్లించక ముందే ఒక వివరపత్రం చూపాలని అమెరికా నిబంధన చెబుతోంది. అందులో పంపే మొత్తం, రుసుము, పన్ను, మారకపు రేటు, అవతలివారికి అందే మొత్తం వేర్వేరు వరుసల్లో ఉంటాయి. చాలామంది చివరి వరుస చూసి నొక్కేస్తారు. పన్ను వరుస కూడా చూడండి. మీరు ఖాతా నుంచి చెల్లిస్తున్నా అక్కడ 1% కనిపిస్తే చెల్లింపు పద్ధతి తప్పుగా ఎంపికైందేమో సరిచూసుకోండి. చెల్లించిన తర్వాత గమనించినా, ఆ సొమ్ము అవతలివారి ఖాతాలో ఇంకా పడకపోతే, 30 నిమిషాల్లోపు రద్దు చేసి మొత్తం వెనక్కి తీసుకునే హక్కు మీకు ఉంది.