దుబాయ్ ఫ్లాట్ బిల్లులు కట్టడానికి అక్కడ బ్యాంకు ఖాతా తెరవడం ఎలా?

దుబాయ్‌లో ఫ్లాట్ కొన్నవారు ధర, వీక్షణ, అద్దె ఎంత వస్తుందన్న లెక్కల్లో ఉండగానే మొదటి బిల్లు వచ్చేస్తుంది. అక్కడ మన మున్సిపాలిటీ ఆస్తిపన్నులాంటి వార్షిక పన్ను లేదు, నిజమే. కానీ సర్వీస్ ఛార్జీ ఉంది. లిఫ్టులు, కాపలా, ఈతకొలను, భవన బీమా వంటి వాటన్నిటికీ కలిపి చదరపు అడుగుకు ఇంత అని యజమాని కట్టాలి. కరెంటు, నీళ్ల బిల్లు దుబాయ్ విద్యుత్, నీటి సంస్థ ‘దేవా’ది. చాలా భవనాల్లో ఏసీ చల్లదనానికి వేరే కంపెనీ వేరే బిల్లు పంపుతుంది. అద్దెకు మనిషి ఉంటే దేవా, ఏసీ బిల్లులు సాధారణంగా అతనివే. ఫ్లాట్ ఖాళీగా ఉంటే అన్నీ మీవే.

ఈ వ్యాసం భారతదేశంలో నివసిస్తూ దుబాయ్‌లో ఆస్తి ఉన్నవారి కోసం. అక్కడే ఉద్యోగం చేసుకునేవారికి ఎమిరేట్స్ ఐడీ (యూఏఈ నివాసులకిచ్చే గుర్తింపు కార్డు) మీద మామూలు ఖాతా దొరుకుతుంది, వారి సంగతి వేరు. ఇక్కడ ఉంటూ అక్కడ ఖాతా తెరవడం మరీ కష్టమేమీ కాదు. అందులోకి వెళ్లిన ప్రతి దిర్హాముకూ ఇక్కడ కాగితం చూపించగలగడమే అసలు పని. చాలామంది మొదటిదానికి పడే శ్రమలో సగం కూడా రెండోదానికి పడరు, తర్వాత నోటీసు వచ్చాక పరుగులు పెడతారు. అందుకే ఈ రెండో భాగం మీద ఎక్కువ చెబుతున్నాను.

ముందుగా, ఖాతా అవసరమా?

ఏడాదికి ఒకటి రెండుసార్లు సర్వీస్ ఛార్జీ మాత్రమే కట్టాల్సి ఉంటే అక్కడ ఖాతా తెరవకపోయినా ఇబ్బంది లేదు. భవనం పేరిట ఉన్న ఖాతాకు మీ భారతీయ బ్యాంకు నుంచే నేరుగా పంపవచ్చు. కనీస నిల్వ పెట్టాల్సిన పని లేదు, రిటర్నులో చూపాల్సిన విదేశీ ఖాతా ఒకటి తగ్గుతుంది కూడా. అద్దె వస్తుంటే మాత్రం ఖాతా తప్పదు. దుబాయ్‌లో అద్దెదారులు ఏడాది అద్దెను కొన్ని ముందు తేదీల చెక్కులుగా రాసిచ్చే పద్ధతి ఇప్పటికీ బలంగా ఉంది. ఆ చెక్కులు జమ కావాలంటే యూఏఈ ఖాతా కావాలి. అద్దె అక్కడే పడి, బిల్లులు అందులోంచే పోతే ఇక్కడి నుంచి డబ్బు పంపే అవసరం కూడా చాలావరకు తగ్గిపోతుంది.

పేర్లు సరిచూసుకోండి

బ్యాంకు మెట్లెక్కే ముందు పాస్‌పోర్టు, పాన్, ఆధార్, దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంట్ ఇచ్చిన టైటిల్ డీడ్ నాలుగూ పక్కపక్కన పెట్టి చూడండి. మన వాళ్లకు ఎక్కువగా చిక్కు వచ్చేది ఇంటిపేరు దగ్గరే. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. పాన్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. బ్యాంకు పాస్‌బుక్కులో ఇంటిపేరు చివరికి పోతుంది. మనకు ఇది మామూలే, విదేశీ బ్యాంకులో కాగితాలు పరిశీలించే ఉద్యోగికి మాత్రం ఇద్దరు వేర్వేరు మనుషుల్లా కనిపిస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారు ఇంకా జాగ్రత్తపడాలి. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో సందర్శక వీసాపై ప్రవేశాన్ని యూఏఈ 2022 నవంబరులో ఆపేసింది.

అన్నింటికీ పాస్‌పోర్టునే ప్రమాణంగా తీసుకోండి. మిగిలినవి దానికి తగ్గట్టు సవరించుకున్నాకే దరఖాస్తు చేయండి. వెంటనే సవరణ కుదరకపోతే, ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివని ఇంగ్లిషులో నోటరీ అఫిడవిట్ చేయించి దగ్గర పెట్టుకోండి. అన్ని బ్యాంకులూ దాన్ని ఒప్పుకుంటాయన్న హామీ లేదు కాబట్టి ముందే అడగండి.

ఏ ఖాతా, ఏ బ్యాంకు

యూఏఈ నివాసి కానివారికి సాధారణంగా దొరికేది పొదుపు ఖాతా. డెబిట్ కార్డు, యాప్ ఇస్తారు, చెక్కుబుక్కు మాత్రం మామూలుగా రాదు. చెక్కు రాసే కరెంటు ఖాతా ఎమిరేట్స్ ఐడీ ఉన్న నివాసులకే ఇస్తారు. బిల్లులు కట్టడానికి చెక్కుబుక్కు లేకపోయినా ఫర్వాలేదు.

20 లక్షల దిర్హాముల విలువైన ఆస్తి ఉంటే పదేళ్ల నివాస వీసా అయిన గోల్డెన్ వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు. అది వస్తే ఎమిరేట్స్ ఐడీ, దానితో మామూలు ఖాతా వస్తాయి. అయితే చేతిలో గోల్డెన్ వీసా ఉన్నంత మాత్రాన మీరు భారతీయ పన్ను చట్టం దృష్టిలో ఎన్‌ఆర్‌ఐ అయిపోరు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇక్కడే ఉంటే ఇక్కడి నివాసే. కింద చెప్పే నియమాలన్నీ మీకు వర్తిస్తాయి.

స్థానిక బ్యాంకులతో పాటు బ్యాంక్ ఆఫ్ బరోడా వంటి భారతీయ బ్యాంకుల శాఖలూ దుబాయ్‌లో ఉన్నాయి. ఎక్కడైనా సరే మూడు ప్రశ్నలు అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి: నివాసి కాని ఖాతాదారుకు కనీస నిల్వ ఎంత? అది తగ్గితే నెలకు ఎంత కోస్తారు? భారతీయ ఫోను నంబరుతో యాప్ పూర్తిగా పనిచేస్తుందా? కనీస నిల్వ బ్యాంకును బట్టి విపరీతంగా మారుతుంది. ఏడాది సర్వీస్ ఛార్జీకి మించిన సొమ్ము ఊరికే నిల్వ ఉంచమనే బ్యాంకైతే నేనైతే వద్దంటాను.

ఖాతా తెరిచే ప్రయాణం

చాలా బ్యాంకులు మనిషి ఎదురుగా రావాలంటాయి. అందుకని ఫ్లాట్ స్వాధీనం చేసుకునే ప్రయాణంలోనే ఈ పనీ పెట్టుకోండి. టైటిల్ డీడ్, పాస్‌పోర్టు, వీసా లేదా ప్రవేశ ముద్ర, భారతదేశంలోని చిరునామా రుజువు, ఇక్కడి బ్యాంకు ఆరు నెలల స్టేట్‌మెంట్లు, ఆదాయానికి ఆధారంగా జీతం పత్రాలు గానీ ఐటీ రిటర్నులు గానీ తీసుకెళ్లండి. మీ భారతీయ బ్యాంకు నుంచి పరిచయ లేఖ ఒకటి అడిగి తెచ్చుకోండి. కొన్ని బ్యాంకులు దాన్ని అడుగుతాయి, అక్కడికి వెళ్లాక తెప్పించుకోవడం కష్టం. తెలుగులో ముద్రించిన కాగితాలు పనికిరావు.

పన్ను నివాసం ఎక్కడ అనే పత్రం నింపమంటారు. అక్కడ భారతదేశం అనే రాయండి, పాన్ నంబరు ఇవ్వండి. యూఏఈ నుంచి ఖాతా వివరాలు ఏటా భారత పన్ను అధికారులకు అందే ఒప్పందం అమల్లో ఉంది. తప్పు దేశం రాస్తే అదే మీ మీద సాక్ష్యమవుతుంది.

ఖాతా వచ్చాక ‘ఏఈ’తో మొదలై మొత్తం 23 అక్షరాలూ అంకెలూ ఉండే ఐబాన్ (అంతర్జాతీయ ఖాతా నంబరు) ఇస్తారు. తిరిగి వచ్చేలోపే యాప్‌లో లాగిన్ అయి, ఒక చిన్న మొత్తం పంపి చూడండి. ఫోను మారిస్తే యాప్‌ను మళ్లీ ఎలా తెరవాలో శాఖలోనే కనుక్కోండి.

ఇక్కడి నుంచి డబ్బు పంపడం

రిజర్వ్ బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఒక్కో నివాసి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చు. విదేశంలో ఖాతా తెరవడం, ఆస్తి కొనడం రెండూ ఇందులోకే వస్తాయి. బ్యాంకులో ఏ2 ఫారం, దానితో ధ్రువీకరణ ఇస్తారు. పాన్ తప్పనిసరి. ఫారంలో ఉద్దేశ సంకేతం సరిగా ఎంచుకోవాలి. విదేశీ ఖాతా తెరిచి అందులో వేసుకోవడానికి ఎస్ 0023, స్థిరాస్తి పెట్టుబడికి ఎస్ 0005. కౌంటర్లో ఉన్నవారు అలవాటుగా ‘కుటుంబ పోషణ’ అని టిక్కు పెట్టబోతే ఆపండి.

పంపే బ్యాంకులో మీ ఖాతా కనీసం ఏడాది పాతదై ఉండాలి. కొత్త ఖాతా అయితే పాత బ్యాంకు స్టేట్‌మెంట్లు గానీ రిటర్నులు గానీ అడుగుతారు. ఈ పంపకం కోసం బ్యాంకు అప్పు ఇవ్వకూడదు. భార్య పరిమితిని కూడా కలుపుకొని పంపాలనుకుంటే ఆమె ఆ ఖాతాలో గానీ ఆస్తిలో గానీ సహ యజమాని అయి ఉండాలి.

తర్వాతిది టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను. ఏడాదిలో మీరు పంపిన మొత్తం 10 లక్షల రూపాయలు దాటితే, దాటిన భాగం మీద 20 శాతం బ్యాంకు వసూలు చేసి ఆదాయపు పన్ను శాఖకు జమ చేస్తుంది. 16 లక్షలు పంపితే 6 లక్షల మీద 1,20,000 రూపాయలు. ఇది పోయే డబ్బు కాదు. రిటర్నులో పన్నుకు సర్దుకోవచ్చు, మిగిలితే వాపసు వస్తుంది. కానీ చేతిలోంచి ముందు పోతుంది. ఫ్లాట్ వాయిదాలకే 10 లక్షలు దాటిన ఏడాదిలో చిన్న కరెంటు బిల్లుకు పంపినా ఈ 20 శాతం పడుతుంది. కాబట్టి బిల్లుల సొమ్మును ఏప్రిల్‌లో, కొత్త ఆర్థిక సంవత్సరం మొదట్లో పంపడం మంచిది.

అలాగని అయిదేళ్ల బిల్లులకు సరిపడా ఒకేసారి పంపి పెట్టకండి. ఎల్‌ఆర్‌ఎస్ కింద పంపిన డబ్బు ఖర్చు చేయకుండా, పెట్టుబడి పెట్టకుండా ఊరికే ఉంటే 180 రోజుల్లోపు వెనక్కి తేవాలన్నది నియమం. ఆరు నెలల బిల్లులు లెక్కగట్టి అంతే పంపండి. అద్దెగా వచ్చిన దాన్ని అక్కడి బిల్లులకు వాడుకోవచ్చు. మిగులు పేరుకుపోతే దానికీ ఇదే గడువు గుర్తుంచుకోండి.

దిర్హాముల్లోనే పంపండి. డాలర్లలో పంపితే అక్కడ మరోసారి మార్పిడి జరిగి కొంత పోతుంది. ఒక డాలరుకు 3.6725 దిర్హాములని రేటు 1997 నుంచి స్థిరంగా ఉంది కాబట్టి మీరు గమనించాల్సింది రూపాయి రేటు ఒక్కటే. ఛార్జీలన్నీ పంపేవారే భరించే పద్ధతిని ఎంచుకోండి. లేకపోతే మధ్యలో ఉన్న బ్యాంకు కొంత తీసుకుంటుంది. సర్వీస్ ఛార్జీకి నేరుగా పంపినప్పుడు ఆ కొద్ది దిర్హాములే బకాయిగా మిగిలి, ఫ్లాట్ మీద నోటీసు వచ్చేదాకా పోవచ్చు.

ఇప్పుడు అసలు ప్రమాదం. దుబాయ్‌లో ఉన్న బంధువు ప్రేమతోనే అంటాడు: “ఇక్కడ నీ బిల్లు నేను కట్టేస్తాను బావా, ఊళ్లో మా అమ్మ ఖాతాలో రూపాయలు జమ చెయ్యి.” దయచేసి ఒప్పుకోకండి. డబ్బు సరిహద్దు దాటకుండా ఇలా ఇక్కడొకరు అక్కడొకరు సర్దుకోవడం విదేశీ మారక చట్టం ఫెమా ప్రకారం ఉల్లంఘన. జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా ఉండవచ్చు. హవాలా ఏజెంటు ద్వారా చేసినా, బావమరిది ద్వారా చేసినా చట్టానికి తేడా లేదు. మీతో పాటు అతనూ చిక్కుల్లో పడతాడు.

బిల్లులు కట్టేటప్పుడు

సర్వీస్ ఛార్జీ బిల్లులు దుబాయ్ ప్రభుత్వ ‘మొల్లాక్’ వ్యవస్థ ద్వారా ఆమోదం పొంది వస్తాయి. ఖాతా నంబరు మారిందంటూ ఈమెయిల్ వస్తే నమ్మి పంపేయకండి. ల్యాండ్ డిపార్ట్‌మెంట్ వారి ‘దుబాయ్ రెస్ట్’ యాప్‌లో మీ ఆస్తి వివరాలు చూసుకుని, నిర్వహణ కంపెనీకి మీ దగ్గరున్న పాత నంబరుకు ఫోను చేసి అడిగాకే కట్టండి. చెల్లింపు వివరణలో ఫ్లాట్ నంబరు, బిల్లు నంబరు రాయండి. సర్వీస్ ఛార్జీని తేలిగ్గా తీసుకోవద్దు. నోటీసిచ్చిన 30 రోజుల్లో కట్టకపోతే వసూలు కోసం న్యాయమూర్తి దాకా వెళ్లే వీలు 2019 నాటి ఉమ్మడి ఆస్తి చట్టంలో ఉంది.

దేవా కనెక్షన్‌కు ఫ్లాటుకు 2,000, విల్లాకు 4,000 దిర్హాముల డిపాజిట్ ఉంటుంది. తర్వాత నెలనెలా యాప్‌లోంచి కట్టవచ్చు. ఆ బిల్లులోనే మున్సిపాలిటీ హౌసింగ్ ఫీజు కూడా కలిసి వస్తుంది. ప్రతి రసీదూ పీడీఎఫ్‌గా దాచుకోండి. అవే రేపు మీ లెక్కలు.

రిటర్నులో చూపించడం

ఖాతాలో ఒక్క దిర్హామే ఉన్నా, అద్దె రాకపోయినా, మీ ఆదాయం పన్ను పరిధికి కిందే ఉన్నా, భారత నివాసిగా విదేశీ ఆస్తి ఉన్నవారు రిటర్ను వేయాలి. ఐటీఆర్-1 కుదరదు, ఐటీఆర్-2 లేదా 3 వేయాలి. అందులో విదేశీ ఆస్తుల షెడ్యూలులో బ్యాంకు ఖాతాను ఒక పట్టికలో, ఫ్లాటును మరో పట్టికలో చూపాలి. ఖాతా తెరిచిన తేదీ, ఏడాదిలో గరిష్ఠ నిల్వ, ముగింపు నిల్వ, వచ్చిన వడ్డీ అడుగుతారు. ఇక్కడ ఏడాదంటే మార్చితో ముగిసేది కాదు, డిసెంబరు 31తో ముగిసే క్యాలెండరు సంవత్సరం. చాలామంది తమ ఆడిటర్లకు మార్చి స్టేట్‌మెంట్ పంపేస్తారు. జనవరి రాగానే డిసెంబరు వరకు స్టేట్‌మెంట్ దించుకుని ఉంచండి.

చూపించకపోతే నల్లధన చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. 2024 అక్టోబరు నుంచి 20 లక్షల రూపాయల లోపు ఆస్తులకు ఈ జరిమానాలో సడలింపు ఇచ్చారు కానీ, అది స్థిరాస్తికి వర్తించదు. కాబట్టి మీ ఫ్లాటుకు అది రక్షణ కాదు.

అద్దెకు యూఏఈలో వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు, ఇక్కడ ఉంది. ఇంటి ఆదాయంగా చూపి, 30 శాతం ప్రామాణిక మినహాయింపు తీసుకుని మిగతా దానిపై పన్ను కట్టాలి. అక్కడ పన్ను కట్టలేదు కాబట్టి ఇక్కడ తగ్గించుకోవడానికీ ఏమీ ఉండదు.

ఖాతాదారు చనిపోతే, ఫ్లాట్ అమ్మితే

ఖాతాదారు మరణించినట్టు తెలియగానే యూఏఈ బ్యాంకు ఖాతాను నిలిపివేస్తుంది. కోర్టు కాగితాలు వచ్చేదాకా కుటుంబం అందులో డబ్బు ముట్టుకోలేదు, ఇటు బిల్లులు మాత్రం వస్తూనే ఉంటాయి. ముస్లిమేతరులు దుబాయ్ అంతర్జాతీయ ఆర్థిక కేంద్రం (డీఐఎఫ్‌సీ) వీలునామా రిజిస్ట్రీలో ఫ్లాట్, ఖాతా రెండూ చేర్చి వీలునామా నమోదు చేయించుకోవచ్చు. ఈ విషయంలో మాత్రం ఖర్చుకు వెనకాడవద్దని గట్టిగా చెబుతాను. ఐబాన్, దేవా ఖాతా నంబరు, నిర్వహణ కంపెనీ ఈమెయిల్ ఇంట్లో మరొకరికైనా తెలిసి ఉండాలి.

ఫ్లాట్ అమ్మేసినప్పుడు ఖాతాను వెంటనే మూయకండి. దేవా డిపాజిట్ వాపసు, సర్వీస్ ఛార్జీ చివరి లెక్క పూర్తయ్యాక, సొమ్మంతా భారతదేశానికి తెప్పించుకుని, ఖాతా మూసినట్టు బ్యాంకు నుంచి ఉత్తరం తీసుకోండి. ఖాతా మూసిన ఆ క్యాలెండరు సంవత్సరానికి కూడా దాన్ని రిటర్నులో చూపాలి.