పాత సిస్టమ్‌కి ఎస్‌ఎస్‌డీ వేశాక

కావలిలో మా డీటీపీ షాపులో ఉన్నది 2014లో కొన్న, నాలుగో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్. ఆన్ చేసి టీ తాగొచ్చినా డెస్క్‌టాప్ వచ్చేది కాదు. కొత్తది కొనమన్నారు అందరూ. టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ ఖాళీగానే ఉంది, హార్డ్ డిస్క్ మాత్రం ఎప్పుడూ 100 శాతం. అసలు జబ్బు అక్కడుంది.

ముందు ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి ఎక్కించాను, ఇది మాత్రం మరవకండి. తర్వాత 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని, హార్డ్ డిస్క్ కంటే చాలా వేగమైన డిస్క్), ఇంకో 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ వేశాను. పాత ర్యామ్ బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్దితే రబ్బరంతా నల్లబడింది! తేదీ వెనక్కి పోతోందని మదర్‌బోర్డు మీదుండే సీఆర్2032 బిళ్ల సెల్లు కూడా మార్చాను. ఇప్పుడు అర నిమిషంలో లేస్తోంది, ప్రాణం లేచొచ్చింది.

ప్రాసెసర్ ఎనిమిదో తరం కంటే పాతది కాబట్టి విండోస్ 11కి అధికారికంగా పనికిరాదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ (ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు) 2025 అక్టోబర్ 14తో ఆగింది. అందుకే బ్యాంకు పనులు ఇందులో చేయడం లేదు.